రొయ్యకు పోస్టుమార్టం

చచ్చిన గొర్రెను పరీక్షకు కోయాలంటే నాకు టెన్షన్ ఉండదు. వరంగల్ చుట్టుపక్కల నుంచి వచ్చేవి ఎక్కువగా అవే. పీపీఆర్ అనే వైరస్ జబ్బు అయితే పెద్దపేగులో జీబ్రా చారలు, కార్జంలో చేరే పురుగు కార్జపు జలగ అయితే దళసరెక్కిన పిత్తనాళాలు. కోయగానే సగం కథ తెలిసిపోతుంది.

మొన్న ములుగు దిక్కు నుంచి ఒకన్న థర్మకోల్ డబ్బాలో నీలకంఠ రొయ్యలు తెచ్చాడు. "సార్, తోకలు తెల్లగైనయ్, జర చూడున్రి" అన్నాడు. అన్నీ చచ్చినవే, ఐసులో. వైరస్ జన్యువులను వెతికే పీసీఆర్ పరీక్షకు పనికొస్తాయి గానీ, మైక్రోస్కోపు కింద చూడ్డానికి కష్టం. రొయ్యకు కార్జం, క్లోమం చేసే పనులన్నీ ఒకే అవయవం చేస్తుంది. ప్రాణం పోగానే అందులోని ఎంజైములు దాన్నే కరిగించేస్తాయి. కణజాలం చెడకుండా నిలిపే ఫార్మలిన్ లోపలికి దిగేలోపే అంతా గుజ్జు. అందుకే బతికున్న రొయ్యకే, ఫార్మలిన్ కలిసిన డేవిడ్‌సన్ ద్రావణాన్ని సూదితో ఎక్కిస్తారు. వినడానికి కాస్త క్రూరంగానే ఉంటుంది.

తెల్లతోక జబ్బు తెచ్చే నోడావైరస్ ముఖ్యంగా పిల్ల రొయ్యలనే చంపుతుంది. పెద్దవి పైకి బాగానే ఉండి వైరస్‌ను మోస్తాయి. ఆయన తెచ్చినవేమో అరచేతికి మించినవి! ఆక్సిజన్ తగ్గినా, నీళ్లు వేడెక్కినా కండ తెల్లబడుతుంది కాబట్టి ముందు చెరువు సంగతే అడిగాను.

"గొర్లకేసినట్టు టీకా లేదా సార్?" అన్నాడు. మంచి ప్రశ్నే. టీకాతో పుట్టాల్సిన యాంటీబాడీలే రొయ్య ఒంట్లో అసలు తయారవవు. సీడ్ (పిల్ల రొయ్యలు) కొనేముందే పరీక్ష చేయించమని, ఈసారి బతికున్నవాటిని చెరువు నీళ్లలోనే తెమ్మని చెప్పి పంపాను.