జూలై మీటింగ్‌కి ముందు ఫ్లూ టీకా: నా అనుభవం

పోయినేడు జూలైలో ఒక ఆదివారం. వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక మిత్రుడి ఇంటి మేడ మీద గదిలో పద్నాలుగు మందిమి కూర్చున్నాం. బయట హోరున వాన. జల్లు లోపలికి కొడితే పుస్తకాలు తడుస్తాయని కిటికీలన్నీ మూసేశాం. మధ్యలో చాప మీద పాత చందమామలు పరిచి ఉన్నాయి. మేమంతా ఆ పత్రిక అభిమానులం. పాత సంచికలు వెతికి పట్టుకోవడం, చిరిగినవి బాగుచేసుకోవడం, లేనివి ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకోవడం మా పని. మొదటి సంచిక 1947 జూలైలో వచ్చింది కాబట్టి ఏటా జూలైలోనే కలుస్తాం.

మాలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. పోర్టులోనో స్టీల్‌ప్లాంట్‌లోనో చేసి రిటైరైనవాళ్ళు, ఇద్దరు బడి మాస్టార్లు. ఆ రోజు ఒకాయన మధ్యమధ్యలో దగ్గుతూనే ఉన్నారు. ఏమిటండీ అని అడిగితే "ఏటీ లేదమ్మా, వాతావరణం మారింది కదా" అన్నారు. నిజమే అనుకున్నాం. ఆయన చేతిలోని పుస్తకం నా చేతికి వచ్చింది, నా చేతిలోంచి పక్కాయనకి వెళ్ళింది. మూడు గంటలపాటు అలా ఒకరి భుజం మీదుగా ఒకరం తొంగిచూస్తూ బొమ్మల గురించి మాట్లాడుకున్నాం.

మంగళవారం నాకు జ్వరం వచ్చింది. శుక్రవారం అమ్మకి.

అమ్మకి 74 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా షుగరు. వానాకాలంలో ఆయాసం కూడా ఉంటుంది. నాకు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది కాబట్టి అమ్మకీ తగ్గిపోతుందనుకున్నాను. మిరియాల కషాయం, ఆవిరి, జ్వరం మాత్ర. నాలుగో రోజు రాత్రి బాత్రూమ్ నుంచి మంచం దాకా నడవడానికి రెండుసార్లు ఆగింది. రక్తంలో ఆక్సిజన్ చూడడానికి వేలికి పెట్టే మీటరు 88 శాతం చూపించింది. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ముక్కులోంచి నమూనా తీసి పరీక్ష చేస్తే ఇన్‌ఫ్లుయెంజా ఎ, అంటే ఫ్లూలో ఒక రకం, అని వచ్చింది. ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. వైరస్‌కి ఇచ్చే మాత్రలు జ్వరం మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తాయని అక్కడ చెప్పారు. ఆ 48 గంటలూ నేను కషాయాలు కాస్తూ గడిపేశాను.

డ్యూటీ డాక్టరమ్మ ఫైలు రాస్తూ అడిగింది, "ఫ్లూ టీకా ఎప్పుడు వేయించారు?" అని. ఎప్పుడూ వేయించలేదని చెప్పాను. పెద్దవాళ్ళకి ఏటా వేయించాల్సిన టీకా ఒకటుందని పేపర్లో చదివి ఉన్నాను. అయినా పిల్లలకు ఉన్నట్టు అమ్మకి టీకాల కార్డు లేదు, ఎవరూ ఫోన్ చేసి గుర్తుచేయరు. చందమామలో ఏ సీరియల్ ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగిసిందో, దానికి బొమ్మలు ఎవరు వేశారో నేను ఒక పెద్ద రిజిస్టర్‌లో పదేళ్ళుగా రాసుకుంటున్నాను. అమ్మ ఒంటి గురించి అలాంటిది ఒక్క పేజీ కూడా నా దగ్గర లేదు. ఆ రాత్రి వార్డు బయట కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ సంగతే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

నేను రాసుకుని బతికే మనిషిని. ఆదివారం అనుబంధాలకు కథలు, ఒక ఆడియో యాప్‌కి వారానికి మూడు ఎపిసోడ్లు, మధ్యలో అనువాదాలు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, కాఫీ పెట్టుకుని, ఎనిమిదింటికి అమ్మకి టిఫిన్ పెట్టేదాకా రాస్తాను. ఈ పనిలో సెలవు చీటీ ఉండదు. రాస్తే డబ్బులు, లేకపోతే లేవు. జ్వరాలతో, ఆసుపత్రితో గడిచిన ఆ రెండు వారాల్లో ఫోన్‌లో రెండు ఎపిసోడ్లు ఎలాగో పూర్తిచేశాను, నాలుగు ఇవ్వలేకపోయాను. ఆ సీరియల్ వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. వాళ్ళను తప్పుపట్టను, కానీ ఏడు నెలలు నాతో ఉన్న పాత్రలు ఇంకొకరి చేతిలో మాట్లాడుతుంటే వినడం కష్టమే.

అందుకని ఈ ఏడు మార్చిలోనే మా ఫ్యామిలీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎంవీపీ కాలనీలోనే ఉంటారు, ఓపిగ్గా చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో చెబుతుందట. ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో. మనం ఉండేది ఉత్తరాన అయినా, మన దగ్గర ఫ్లూ చలికాలం కంటే వానల్లో ఎక్కువగా పెరుగుతుంది. అందుకని దక్షిణార్ధగోళం కోసం తయారైన కొత్త టీకా వేసవిలో వచ్చాక వానలకు ముందు వేయించుకోవడం మనకు మంచిదన్నారు. వేసిన రెండు వారాలకు గానీ రక్షణ పూర్తిగా రాదు. నేను వెంటనే క్యాలెండరు చూశాను. జూలై రెండో ఆదివారం మీటింగ్ అంటే జూన్ మూడో వారంలోపు సూది పడాలి.

ఆయన ఇంకో మాట కూడా నొక్కి చెప్పారు. ఈ టీకా మామూలు జలుబుని ఆపదు. ఫ్లూ అసలు రాదని కూడా గ్యారంటీ లేదు. వచ్చినా ఆసుపత్రి దాకా వెళ్ళే పరిస్థితి బాగా తగ్గుతుంది. అమ్మ లాంటి మనిషికి కావలసింది అదే కదా.

ఇంటికొచ్చి చెబితే అమ్మ మొదట అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. "అది గుడ్డుతో చేస్తారట కదే?"

అమ్మ జీవితంలో గుడ్డు ముట్టుకోలేదు. కేకు కూడా ఎగ్‌లెస్ అని రాసి ఉంటేనే తింటుంది. అబద్ధం చెప్పి వేయించడం నాకు ఇష్టం లేదు. మర్నాడు డాక్టరుగారితో స్పీకర్‌లో మాట్లాడించాను. ఆయన దాచలేదు. "అవునమ్మా, ఈ టీకాకి వైరస్‌ని కోడిగుడ్డులో పెంచుతారు. తర్వాత దాన్ని చంపి, శుద్ధి చేసి, అందులోంచి కావలసిన భాగం మాత్రమే తీస్తారు. చచ్చిన వైరస్ కాబట్టి దీనివల్ల ఫ్లూ రాదు. వేయించుకోవాలో వద్దో మీ ఇష్టం" అన్నారు. అమ్మ ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం దీపం పెట్టి వచ్చి కూర్చుని, "ఔషధం జాహ్నవీ తోయం, వైద్యో నారాయణో హరిః అన్నారు. వేయించెయ్" అంది. మందుని గంగాజలం అనుకోమని పెద్దలు చెప్పిన మాట అది. దాన్ని అమ్మ తనకు తానే గుర్తుచేసుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

ఇక టీకా సంపాదించడం. పెద్దవాళ్ళకి ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు, మనమే కొనుక్కోవాలి. మేలో నాలుగు మందుల షాపులు తిరిగాను. ఒకచోట స్టాక్ లేదు, "నెలాఖరుకి వస్తుందండి" అన్నారు. ఇంకోచోట మూడొందలు తగ్గించి ఇస్తామన్నారు. పెట్టె తిప్పి చూస్తే గడువు జూన్‌తో అయిపోతోంది, అంటే పోయిన సీజన్‌ది. అదే మాట అంటే కౌంటర్‌లో అబ్బాయి, "ఏదైతే ఏటండి మేడం, ఇంజెక్షన్ ఒకటే కదా" అన్నాడు. ఒకటి కాదు. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టే ఏటా కొత్తది వేసుకోమంటారు. మూడో షాపులో ఫ్రిజ్ తలుపు తెరిచి, పైన ఐస్ గడ్డకట్టే అరలోంచి పెట్టె తీశారు. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారేయాల్సిందే. ఆ మాట చెప్పి, దణ్ణం పెట్టి బయటికి వచ్చేశాను. ఎండలో తిరిగి తిరిగి విసుగొచ్చింది. చివరికి డాక్టరుగారే తమ క్లినిక్‌కి తెప్పిస్తానన్నారు. ముందే ఆ మాట అడిగి ఉంటే ఒక వారం కలిసొచ్చేది. చదివేవాళ్ళు మొదట క్లినిక్‌లోనే అడగండి. షాపులో కొని బ్యాగులో వేసుకుని ఆటోలో తిరగడం కంటే అది నయం.

జూన్ రెండో వారం. అమ్మకి జ్వరం లేదని చూసి, బీపీ చూసి కూర్చోబెట్టారు. నర్సు పెట్టె తెరుస్తుంటే నన్నొకసారి చూడనివ్వమని అడిగాను. ఆమె నవ్వుతూ లోపలి కాగితం నా చేతిలో పెట్టింది. ఎన్నోసార్లు మడిచిన పల్చటి కాగితం, చీమ తలకాయలంత అక్షరాలు. టీకాలో ఉన్న వైరస్‌ల పేర్లు వరుసగా ఉన్నాయి. ఎ/విక్టోరియా/4897/2022. బి/ఆస్ట్రియా/1359417/2021. మొదటి అక్షరం రకం, తర్వాత నమూనా దొరికిన చోటు, ఆ తర్వాత ల్యాబ్ వేసిన సంఖ్య, చివర సంవత్సరం. సంపుటి, సంచిక, నెల, సంవత్సరం చూసి అట్ట లేని పుస్తకాన్ని గుర్తుపట్టడం అలవాటైన మనిషిని కదా, ఆ కాగితాన్ని వదలబుద్ధి కాలేదు. ఎక్కడో ఆస్ట్రియాలో 2021లో ఎవరికో జ్వరం వచ్చింది. ఎవరో నమూనా తీసి, నంబరు వేసి దాచారు. అది ఈ రోజు వైజాగ్‌లో మా అమ్మ చేతికి కాపలాగా వచ్చింది. ఇంత జాగ్రత్తగా లెక్క రాసి పెట్టినవాళ్ళందరికీ మనసులో నమస్కారం పెట్టుకున్నాను.

సిరంజిలో ఉన్నది అర మిల్లీలీటరు మాత్రమే. అమ్మ కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం మొదలుపెట్టింది. రెండో పాదానికి రాకముందే, "అయిపోయిందమ్మా" అంది నర్సు. నా వంతు వచ్చేసరికి ఎడమ భుజం మీద దూది పెట్టింది. నాది ఎడమచేతి వాటం, మొదటి ప్రతి ఇప్పటికీ పెన్నుతోనే రాస్తాను. కుడి చేతికి వేయమని అడిగితే అలాగే వేసింది. తర్వాత అరగంట అక్కడే కూర్చోమన్నారు. తేదీ, ఏ చేతికి వేశారు, పెట్టె మీది బ్యాచ్ నంబరు, ఇవన్నీ ఆ అరగంటలో రాసుకున్నాను. రిజిస్టర్‌లో అమ్మకి ఒక పేజీ, నాకు ఒక పేజీ.

ఆ రాత్రి భుజం బరువెక్కింది. మర్నాడు కాస్త ఒళ్ళునొప్పులు, మధ్యాహ్నానికి కొద్దిగా వెచ్చబడింది. అమ్మకి చెయ్యి నొప్పి తప్ప ఇంకేమీ లేదు. ఇలా ఉండొచ్చని ముందే తెలుసు కాబట్టి రెండు ఎపిసోడ్లు ముందుగానే రాసి పంపించేశాను. రాయాల్సింది లేదు కాబట్టి ఆ రోజంతా పూర్ణా మార్కెట్ దగ్గర పాత పేపర్ల కొట్టులో దొరికిన ఒక సంచికని బాగుచేస్తూ కూర్చున్నాను. మైదాలో చిటికెడు మైలుతుత్తం కలిపి ఉడికించిన జిగురు, పల్చటి టిష్యూ కాగితం. చిరుగు అంచులు రెండూ ఒకదాని పక్కన ఒకటి చేర్చి, పైన టిష్యూ పరిచి, వేలి కొసతో మధ్యలోంచి బయటికి నిమరాలి. సెల్లో టేపు మాత్రం ఎప్పుడూ వేయకూడదు. కొన్నేళ్ళకి పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. అట్ట మూల 'వపా' అనే సంతకం చెక్కుచెదరకుండా ఉంది. చందమామకి అట్ట బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్యగారు చాలాకాలం ఇక్కడికి దగ్గరే కశింకోటలో ఉన్నారు. ఆ సంతకం కనిపిస్తే చాలు, మా వాళ్ళకి పుట్టింటి మనిషి కనిపించినట్టు ఉంటుంది.

మా బృందంతో మాట్లాడడం అన్నిటికంటే కష్టమైంది. పోయినేడు దగ్గిన ఆయనకి తన మీద తప్పు మోపుతున్నామని అనిపించకూడదు. అందుకని అమ్మకి జరిగింది మాత్రమే చెప్పాను, ఎవరి వల్ల అని అనలేదు. ఆయనే అందరికంటే ముందు, "నాకూ చెప్పమ్మా, ఎప్పుడు రమ్మంటావు?" అన్నారు. పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది వేయించుకున్నారు. ఒక మాస్టారు మాత్రం, "నాకు ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు" అని ఒప్పుకోలేదు. ఒకరికి ఆ వారమే జ్వరం ఉంటే డాక్టరుగారు తగ్గాక రమ్మన్నారు. మిగిలినవాళ్ళు డబ్బు గురించి వెనకాడారు. పింఛను మీద బతికే ఇంట్లో ఇద్దరికి ఆ ఖర్చు చిన్నదేం కాదు. పెద్దవాళ్ళకి ఇది ఉచితంగా అందాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. అమ్మకి న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా కూడా వేయాలన్నారు. రెండూ ఒకే రోజు చెరో చేతికి వేయొచ్చట గానీ, అమ్మ ఒక్కోటి చాలంది. దానికి దసరా తర్వాత తేదీ రాసుకున్నాను.

ఈ జూలై మీటింగ్ గదిలో పెట్టలేదు. మేడ మీద రేకుల షెడ్డు కింద, గాలి ఆడేచోట చాపలు వేశాం. తడవకుండా పుస్తకాలు గోడ వైపు పెట్టాం. ఎవరికైనా జలుబు, దగ్గు ఉంటే రావద్దని ముందే చెప్పాం. ఒకాయన నిజంగానే ఆగిపోయి వీడియో కాల్‌లో కూర్చున్నారు. ఆయన కోసం ప్రతి అట్టా ఫోన్ ముందు పట్టుకుని చూపించాం.

అమ్మ మొదటిసారి నాతో వచ్చింది. నేను బాగుచేసిన సంచికలో ఒక బేతాళ కథకి చివరి పేజీ లేదు. మాస్టారు ఉన్నంతవరకు పైకి చదివి ఆగిపోయారు. అమ్మ కొంగు సర్దుకుని, "అది మా పెళ్ళికి ముందు చదివానండీ" అని, రాజు ఏం జవాబు చెప్పాడో మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నేను తలెత్తి చూశాను. అమ్మ చెయ్యి ఊపి, ఏమీ లేదు రాసుకో అన్నట్టు సైగ చేసి, కథ చివరిదాకా చెప్పింది.