ప్రతి శనివారం, వచ్చే శనివారం

తిరుపతిలో పగటి పనులు ముగించుకుని సాయంత్రం వచ్చేవారికి నేను కొన్నేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. లాడ్జీల్లో రిసెప్షన్ చూసేవారూ, కొండకు కార్లు తోలేవారూ, డిగ్రీ పిల్లలూ ఒకే బెంచీల మీద కూర్చుంటారు. వీరిలో చాలామంది చేసే తప్పు ఒకటే. "ప్రతి శనివారం అలిపిరి మెట్లు ఎక్కుతాను" అనడానికి "ఎవ్రీ సాటర్‌డే ఐ విల్ క్లైంబ్" అంటారు. దాన్ని దిద్ది "ఐ క్లైంబ్" అని రాయిస్తే, మరునాడు "వచ్చే శనివారం ఎక్కుతాను" అన్నదాన్ని కూడా "నెక్స్ట్ సాటర్‌డే ఐ క్లైంబ్" అని చెబుతారు.

దీనికి కారణం అశ్రద్ధ కాదు. తెలుగులో 'ఎక్కుతాను' అన్న ఒక్క రూపమే అలవాటునూ, జరగబోయే పనినీ చెబుతుంది. రెంటిలో ఏదన్నది 'ప్రతి', 'వచ్చే' వంటి పక్క మాటలు తేలుస్తాయి. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" వంటి వాక్యాల కోసం మన వ్యాకరణం భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు, స్వభావాన్నీ అలవాటునూ తెలిపే తద్ధర్మమని మరొకటి చెప్పింది. బడిలో చదివిన ఆ మాటను ఇంగ్లీషు క్లాసులో గుర్తు చేయాలని నాకు చాలా ఆలస్యంగా తోచింది. మొదటి రెండేళ్లు నేను బోర్డు నిండా పన్నెండు టెన్సుల పట్టిక గీసి, విల్ అంటే భవిష్యత్తు అని వల్లె వేయించాను. 'తాను' అని వినబడిన చోటల్లా విల్ పెట్టే అలవాటు అక్కడే బలపడింది.

నిజానికి ఇంగ్లీషు క్రియకు భవిష్యత్తును చూపే ప్రత్యయం లేదు. 'విల్' ఒకప్పుడు 'కోరు' అన్న అర్థం గల క్రియ. మాట ఇవ్వడం, అప్పటికప్పుడు ఒక పనికి పూనుకోవడం అన్న ఛాయ అందులో ఇప్పటికీ ఉంది. రిసెప్షన్‌లో పని చేసే ఒక అమ్మాయికి ఇది వెంటనే పట్టుబడింది. గదిలోంచి ఫోన్ చేసి టవల్ అడిగినవారికి "ఇప్పుడే పంపిస్తాను సార్" అంటుంది కదా, అదే "ఐ విల్ సెండ్ ఇట్". "ఐ సెండ్" అంటే, రోజూ పంపే పద్ధతి చెబుతున్నట్టుంటుంది.

'గోయింగ్ టు' నేర్పిన రోజు నాకు బాగా జ్ఞాపకం. శేషాచలం మీద మబ్బు కమ్ముకుంటుండగా కిటికీ చూపించి, దీన్ని ఇంగ్లీషులో చెప్పమని ఒక డ్రైవర్‌ను అడిగాను. "రెయిన్ విల్ కమ్ సార్" అన్నాడు. తెలుగులో ఏమంటావప్పా అంటే, "వాన వచ్చేటట్టుంది" అన్నాడు. కంటికి ఆనవాలు కనబడుతోంది కనుక 'ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్' అని రాసి, కింద 'వాన పడబోతోంది' అని రాశాను. 'పడబోవు' అన్నది 'పడన్'కు 'పోవు' చేరి, ద్రుతం (అంటే చివరి ఆ 'న్') మీది పకారం బకారమై ఏర్పడిన మాట. ఇంగ్లీషు 'గో'కూ మన 'పోవు'కూ అర్థం ఒకటే. ఒకదానికొకటి సంబంధం లేని రెండు భాషలు ఒకే క్రియతో రేపటిని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 'పడబోయాను' అన్నా 'ఐ వాజ్ గోయింగ్ టు ఫాల్' అన్నా పడకుండా ఆగినట్టే అర్థమవుతుందని చెప్పగానే బెంచీలన్నీ కదిలాయి.

"రేపు అక్కావాళ్లు వస్తున్నారు" అన్నది రెండు భాషల్లోనూ ఒకే తీరున నడుస్తుంది కాబట్టి దానికి ఐదు నిమిషాలు చాలు. రైలు వేళల వంటి ఖాయమైన వాటికి ఇంగ్లీషు కూడా అలవాటు రూపాన్నే వాడుతుంది: "ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో". బ్రహ్మోత్సవాల్లో యాత్రికులు గరుడ సేవ ఎప్పుడని అడిగితే, "ఇట్ ఈజ్ ఆన్ ద ఫిఫ్త్ డే" అంటే సరిపోతుంది, విల్ అక్కర లేదు.

ఎక్కువ రోజులు పట్టేది 'ఇఫ్' దగ్గరే. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని రాసినవారికి నేనిప్పుడు సూత్రం చెప్పను; "వాన పడితే" అని తెలుగులో రాయించి, ఆ 'పడితే'లో భవిష్యత్తు గుర్తు ఎక్కడుందో వెతకమంటాను. వెతికి, లేదని చూసి, వారే విల్‌ను కొట్టేస్తారు.