కార్డు లేకుండ చందా డబ్బా పట్టుకొని పోయిన: నా అనుభవం

నిన్ననే చందా లెక్కలు అప్పజెప్పి వచ్చిన, మనసుల మంట ఇంకా ఆరలే, అందుకే ఇయ్యాలనే రాస్తున్న. మాది నల్లగొండ. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానల చూపించినం. అప్పుడు మాకు ఉండనీకి రూం ఇప్పించి రెండు పూటల అన్నం పెట్టింది క్యాన్సర్ పేషెంట్లకు సాయం చేసే ఒక సంస్థోళ్ళు. ఆ రుణం ఉన్నది కాబట్టి, వాళ్ళు ఫిబ్రవరి 4 క్యాన్సర్ దినానికి నల్లగొండల వాక్ పెడుతున్నం, వాలంటీర్లు కావాలె అంటే మొదలు నేనే పేరిచ్చిన.

పేరు రాయించుకునుడు ఫోన్ల రెండు నిమిషాల పని. ట్రైనింగ్ అని ఒక పూట కూసోబెట్టిండ్రు. పోలీసు పర్మిషన్, మైకు పర్మిషన్ వాళ్ళే చూసుకున్నరు. వాక్ రోజు ఎన్జీ కాలేజీ గ్రౌండు కాడికెళ్ళి గడియారం సెంటర్ దాకా మంచిగ నడిచినం, పిల్లలు బాగ వచ్చిండ్రు.

నా గోస అంతా దానికి ముందు వారం, చందాల కాడ.

నన్ను, డిగ్రీ సెకండియర్ పిల్లను ఒకామెను కలిపి ప్రకాశం బజార్ ఇచ్చిండ్రు. సీలేసిన డబ్బా, క్యూఆర్ కోడ్ అట్ట, అంతే. ఐడీ కార్డు ఏది సార్ అని మూడు సార్లు అడిగిన. ప్రింటింగ్‌కు పోయింది, రేపొస్తది, మీరు స్టార్ట్ చేయుండ్రి అన్నడు కోఆర్డినేటర్ సార్. ఆ రేపు రానే రాలే.

మూడో రోజు సాయంత్రం ఒక పెద్ద బట్టల షాపుల అడుగు పెట్టినం. మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్, షాపంతా జనం. సేటుకు నమస్తే పెట్టి విషయం చెప్పిన. ఆయన డబ్బా దిక్కు చూసి, ఏమ్మా కార్డేది అన్నడు. ఇంకా రాలేదు సార్ అన్న. రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత, 80జీ (చందా ఇచ్చినోళ్ళకు ట్యాక్సుల మినహాయింపు వచ్చే కాగితం) ఉందా అన్నడు. నాకు తెల్వదు. ట్రైనింగ్‌ల పూట పొద్దంతా నవ్వుకుంట ఎట్ల పలకరించాలె అని చెప్పిండ్రు గని ఈ ఒక్క ముక్క చెప్పలే. డబ్బా మీదున్న నంబర్‌కు ఆయనే ఫోన్ చేసి స్పీకర్ల పెట్టిండు. రెండు సార్లు మొత్తం రింగయింది, ఎవ్వరు ఎత్తలే. చీరలు చూసే ఆడోళ్ళంతా మా దిక్కు తిరిగి చూస్తున్నరు. మొన్న అనాథాశ్రమం అని ఎవడో వచ్చి తీస్కపోయిండు, అది ఉత్తదే అని తేలింది, ఇప్పుడు మీరు క్యాన్సర్ పేరు జెప్పుకొని వచ్చిండ్రా అని గట్టిగ అని, పనిచేసే పిలగాన్ని పిలిచి వీళ్ళ ఫోటో తీసి గ్రూపుల పెట్టురా అన్నడు. వాడు తీసిండు. నా ఎంబడి వచ్చిన పిల్ల, అక్కా పోదాం పా అని ఏడుస్తుంది. క్యాన్సర్ పేరు జెప్పుకొని మోసం చేసేటోళ్ళం కాదు సార్, మా అమ్మ ఛాతి మీద కుట్లు కడిగిన చేతులు ఇవి అందామనుకున్న. అక్కడ ఆ మాట నోట్లెకెళ్ళి రాలే.

రాత్రి ఎనిమిదింటికి మా చిన్నమ్మ ఫోను. ఏందే బిడ్డా, బజార్ల చందాలు వసూలు చేస్తున్నవంట, ఇంట్ల ఏమన్న ఇబ్బందా అని. ఫోటో అప్పటికే అంత దూరం పోయింది. అన్నం తినలే ఆ రాత్రి.

సేటు అడుగుడు తప్పు అని నేను అనను, పైసలిచ్చేటోడు అడగాలె. నలుగుట్ల నిలబెట్టి ఫోటో తీయించుడు మాత్రం తప్పే. అంతకంటె పెద్ద తప్పు కాగితం ముక్క చేతిల పెట్టకుండ ఆడపిల్లలను బజార్లకు తోలినోళ్ళది.

తెల్లారి నేనే డీటీపీ షాపుకు పోయి వాలంటీర్ లెటర్ టైప్ చేయించి, సార్ ఇంటికి పోయి సంతకం, ముద్ర వేయించుకున్న. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, 80జీ కాగితం జిరాక్సులు కూడ అడిగి తీసుకున్న, లామినేషన్ చేయించిన. 80జీ గురించి నేర్చుకున్నది ఇది: రెండు వేలు దాటిన క్యాష్ ఇస్తే ట్యాక్సుల మినహాయింపు రాదు, చెక్కో ఫోన్‌పేనో చేయాలె, పాన్ నంబర్ రాయించుకోవాలె, కొత్త ట్యాక్స్ పద్ధతిల ఉన్న మనిషికైతే అసలే రాదు. ఇది తెలిస్తే సగం షాపులల్ల మాట పడదు.

ఇంకో ప్రశ్న ప్రతి రెండో షాపుల వచ్చింది: ఆరోగ్యశ్రీ పది లక్షలు చేసిండ్రు గదా, మళ్ళ చందా ఎందుకు? దీనికి మాత్రం నాకు జవాబు ఎవ్వరు నేర్పనక్కర లేదు. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల లెక్క వారాల తరబడి పెడ్తరు, రోజు నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి వచ్చే వొంటిసత్తువ పేషెంటుకు ఉంటదా, అక్కడ్నే ఉండాలె. ఆడోళ్ళకు బస్సు ఫ్రీనే గని ఎంబడి పోయే కొడుక్కు టికెట్ ఉంటది, వాని కూలి పోతది, రూం కిరాయి, వాని తిండి ఉంటయి. ఆరోగ్యశ్రీ కార్డుల ఇవేమి రావు. ఇట్ల చెప్తే గడియారం సెంటర్ ఆటో అన్నలు అడగకుండనే ఇరవై, యాభై వేసిండ్రు.

మళ్ళ అదే బట్టల షాపుకు పొద్దున పదకొండుకు, గిరాకీ లేనప్పుడు, నేనొక్కదాన్నే పోయిన. కాగితాలు బల్ల మీద పెట్టి, మా అమ్మ సంగతి చెప్పి, ఫోటో తీసెయ్యుండ్రి సార్ అన్న. అన్ని చదివిండు. గ్రూపుల ఫోటో డిలీట్ చేయించి, వీళ్ళు నిజమైనోళ్ళే అని నా ముందే మెసేజ్ పెట్టించిండు, ఐదొందలు స్కాన్ చేసిండు. సారీ మాత్రం చెప్పలే.

చందాలకు పోయే వాలంటీర్లకు ఒక మాట: డబ్బాలు ఇద్దరు ముగ్గురి ముందటనే ఇప్పుండ్రి, నోట్లు చిల్లర వేర్వేరుగ రాసి సంతకాలు పెట్టుండ్రి, పైసలు రాత్రి ఇంట్ల పెట్టుకోకుండ్రి. మా ఇద్దరి డబ్బాల 23,460 వచ్చినయి, అందరికంటె ఎక్కువ మాదే, చెప్పుకోనీకి నాకేం మొహమాటం లేదు.

నిన్న లెక్క అప్పజెప్పినప్పుడు సార్, అక్టోబర్‌ల రొమ్ము క్యాన్సర్ ప్రోగ్రాం ఉంది, నువ్వు తప్పకుండ రావాలమ్మా అన్నడు. వస్త సార్, కార్డు నా చేతికి వచ్చిన రోజు వస్త అని చెప్పి వచ్చిన.