అమ్మవారి రాయి చూసొచ్చాం

ఇవాళ పెద్దనాన్నతో ఆళ్లగడ్డ వెళ్లాను. మా ఊరి గుడిలో అమ్మవారి పైచెయ్యి విరిగింది, ఖండితమైన మూర్తికి పూజ చేయకూడదు కాబట్టి కొత్తది చెక్కించాలని ఊళ్లో నిర్ణయించారు. అక్కడి శిల్పశాలల్లో సగం చెక్కిన నందులు, నాగప్రతిమలు, వాటి పక్కనే నాయకుల విగ్రహాలు, అన్నిటి మీదా రాతిపొడి.

శిల్పి ఆచారి గారు ధర మాట ఎత్తలేదు. "స్థానకమా, ఆసీనమా?" అన్నారు ముందు. నిలబడిన అమ్మే కావాలన్నాడు పెద్దనాన్న. తర్వాత భంగం గురించి, అంటే మూర్తి ఒంటి వంపు గురించి చెప్పారు. సమభంగంలో బరువు రెండు పాదాల మీదా సమానంగా ఉండి మూర్తి నిటారుగా నిలుస్తుంది, ఆభంగంలో నడుము కొంచెం ఒక పక్కకి ఒరుగుతుంది, త్రిభంగంలో మెడ దగ్గర, నడుము దగ్గర, మోకాలి దగ్గర వంపు తిరుగుతుంది, వేణుగోపాలుడు నిలబడేది అలాగే. గర్భగుడిలో మూలమూర్తికి సమభంగమే బాగుంటుందన్నారు. నాలుగు చేతులు: పై రెండింటిలో పాశాంకుశాలు, కింద అభయం, వరదం. అభయహస్తం వేళ్లు పైకి, వరదహస్తం వేళ్లు కిందికి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న అమ్మవారే అయినా ఆమె చేతుల్ని ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ తలుచుకోలేదు.

నన్ను బాగా పట్టేసింది తాళమానం, అంటే విగ్రహం కొలతల లెక్క. అమ్మవారికి మధ్యమ దశతాళం, అంటే మొత్తం ఎత్తుని 120 భాగాలు చేస్తారు, ఒక్కో భాగం ఒక అంగుళం. ఇది మన టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికే సొంతమైన కొలత. మాది 30 ఇంచీల మూర్తి కాబట్టి ఒక్కో భాగం పావు ఇంచీ వస్తుంది. ముఖం ఎంతుంటే తొడ దానికి రెండింతలు, మోకాలి కింద కాలు కూడా అంతే. విష్ణువుకీ శివుడికీ ఉత్తమ దశతాళం, 124 భాగాలు. వినాయకుడికి పంచతాళం, అందుకే ఆయన ఎక్కడ చూసినా పొట్టిగా, నిండుగా ఉంటాడు. ఆచారి గారు ఇవన్నీ కాగితం చూడకుండా చెబుతుంటే, పక్కన కుర్రాడు రాతి మీద నిట్టనిలువుగా మధ్యగీత కొడుతున్నాడు. దాన్ని బ్రహ్మసూత్రం అంటారట, కొలతలన్నీ దానికి అటూ ఇటూ తీసుకోవాల్సిందే.

రాయిని సుత్తితో తట్టి వినిపించారు. గంటలా ఖంగుమంటే పురుషశిల, కంచు గిన్నెలా కొంచెం మెత్తగా మోగితే స్త్రీశిల, అసలు మోగకపోతే నపుంసకశిల. మొదటిది దేవుడికి, రెండోది దేవేరికీ పీఠానికీ, మూడోది పునాదికి. మోగని రాయి లోపల పగులు ఉండొచ్చు కాబట్టి ఈ పరీక్ష శాస్త్రం కోసమే కాదు, పని కోసం కూడా అనిపించింది నాకు. మాకోసం తీసిన కృష్ణశిల బాగా మోగింది, పెద్దనాన్న మళ్లీ మళ్లీ తట్టించుకుని విన్నాడు.

ఈ మధ్య చాలామంది ఫోన్‌లో ఒక ఫోటో చూపించి ఇలాగే కావాలని అడిగి వెళ్లిపోతున్నారట. ఆ ఫోటోలో మూర్తి ఏ తాళంలో ఉందో, వెనక వైపు ఎలా ఉంటుందో ఎవరికీ పట్టదు. నాకు చాలా బాధేసింది. ఇంత లెక్క తెలిసిన మనిషిని ఫోటోకి నకలు తీసే పనికి దించేస్తే ఆ కుర్రాడు రేపు ఏం నేర్చుకుంటాడు? కట్టరు, గ్రైండరు వచ్చాక పని తొందరగా అవుతోంది, అందులో తప్పేమీ లేదు, ముతక పని వాటికి వదిలేసి ముఖం, వేళ్లు, నగలు ఇప్పటికీ ఉలితోనే చేస్తున్నారు. కళ్లు మాత్రం ప్రతిష్ఠ నాడే తెరుస్తారు, దాన్ని నేత్రోన్మీలనం అంటారు.

తేలనిది ప్రభావళి సంగతి, అంటే మూర్తి వెనక ఉండే తోరణం. పెద్దనాన్నకి విడిగా ఇత్తడిది పెట్టి, పండగకి మెరిసేలా తోమించాలని ఉంది. నేను అదే రాతిలో, మకరతోరణంతో సహా ఏకశిలగా చెక్కించాలంటున్నాను, ఎందుకంటే పైచేతులు దానికి ఆనుకుని ఉంటాయి, పాత మూర్తికి ఆ ఆసరా లేకే అభిషేకం చేస్తుంటే బిందె తగిలి చెయ్యి విరిగింది. ఆచారి గారు రాయి ఎక్కువ పడుతుంది, మందం పెంచాలి, ఆలోచించుకుని చెప్పమన్నారు. బస్సులో వస్తూ కూడా వాదించుకున్నాం, పెద్దనాన్న తన మాట మీంచి తగ్గలేదు. బుధవారం ఊళ్లో పెద్దలు కూర్చుంటారు, అక్కడ ఈ మాట నేనే ఎత్తుతాను.