చిక్కిపోతాననుకున్నారంతా

మంగళవారం రాత్రి

క్యాన్సర్ వచ్చినవాళ్ళు చిక్కి శల్యమైపోతారని జనంలో ఒక లెక్క ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి జరిగేది దానికి తలకిందులు. కీమో అయ్యేసరికి ఒళ్ళొస్తుంది, ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో ఇంకాస్త వస్తుంది. ఇవాళ దారిలో ఎదురైన ఒక దూరపు చుట్టం నన్ను ఎగాదిగా చూసి, "బాగా ఒళ్ళు చేశావు, అయితే పూర్తిగా కోలుకున్నట్టే" అంది. సంతోషంగానే అంది పాపం. నేనూ నవ్వి ఊరుకున్నాను. నడిరోడ్డు మీద నిలబడి స్టెరాయిడ్ల గురించీ అండాశయాల గురించీ ఏం చెప్తాం?

ఇక్కడ రాసుకోవచ్చు కదా. కీమో ఎక్కించే ముందు వాంతులు కాకుండా, ఎలర్జీ రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. అది స్టెరాయిడ్. అది పడ్డ రాత్రి నిద్ర రాదు, ఆకలి మాత్రం వేళాపాళా లేకుండా వస్తుంది. ఒంట్లో నీరు నిలుస్తుంది. నీరసంతో మంచం దిగబుద్ధి కాదు. వీటన్నిటి పైన, మందులు అండాశయాలను దెబ్బతీసి నెలసరిని ఆపేస్తే, ఏళ్ళ తరబడి మెల్లగా రావాల్సిన మార్పంతా కొన్ని నెలల్లోనే మీద పడుతుంది. కొవ్వు నడుం చుట్టూ చేరుతుంది, కండ కరుగుతుంది. ఈ కండ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బరువు చూసే మిషన్ మీద అంకె కదలకపోయినా లోపల కండ పోయి ఆ చోట కొవ్వు చేరి ఉండొచ్చు. అందుకే నాకు ఆ మిషన్ మీద గౌరవం పోయింది. వారానికి ఒకసారి ఎక్కుతాను, అంతే. నడుం కొలత టేపుతో చూసుకుంటాను. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నానా లేదా అన్నది అంతకంటే ముఖ్యంగా చూసుకుంటాను.

పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు, మోకాళ్ళు మొరాయిస్తాయి. కీమో తర్వాత రోజూ మింగే హార్మోన్ మాత్ర లెట్రొజోల్ మహిమ. నాలుగడుగులు వేస్తేగానీ కీళ్ళు దారికి రావు. నొప్పి ఉంది కదా అని కూర్చుంటే ఒళ్ళొస్తుంది, ఒళ్ళొస్తే మోకాళ్ళకు నొప్పి పెరుగుతుంది. వ్యాయామం చేస్తే ఈ మాత్రల వల్ల వచ్చే కీళ్ళనొప్పులు తగ్గుతాయని పరిశోధనల్లో తేలిందని మా డాక్టరుగారు చెప్పినప్పుడు, నొప్పితో ఉన్నవాళ్ళకు చెప్పే మాటేనా ఇది అనుకున్నాను. ఆయన చెప్పింది నిజమే. చెయ్యగా చెయ్యగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

బరువు గురించి డాక్టర్లు ఇంత పట్టుబట్టేది అందం కోసం కాదు. నెలసరి ఆగిపోయాక ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారయ్యేది ఎక్కువగా కొవ్వులోనే. అరోమటేజ్ అనే ఎంజైమ్ ఆ పని చేస్తుంది. నేను రోజూ మింగే మాత్ర పని ఆ ఎంజైమ్‌ను ఆపడం. నా కణితి ఈస్ట్రోజెన్‌తో పెరిగే రకం. అంటే ఒకపక్క మాత్ర ఆపుతున్నదాన్నే ఇంకోపక్క కొవ్వు తయారుచెయ్యాలని చూస్తుందన్నమాట. బరువు ఎక్కువున్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం కొంత ఎక్కువగా కనబడుతుందన్నది చాలా పరిశోధనల్లో వచ్చింది. తగ్గితే ఆ ముప్పు కూడా అంతే తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న, దాని మీద పెద్ద పెద్ద ట్రయల్స్ పెట్టారు. ఈ రెండిటినీ కలిపేసి "తగ్గకపోతే మళ్ళీ వస్తుంది" అని ఆడవాళ్ళను బెదిరించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. భయపెట్టకుండా చెప్పడానికి బోలెడు కారణాలున్నాయి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, షుగర్ మెరుగుపడతాయి, మోకాళ్ళకు ఊరట. నాకు కీమోలో ఇచ్చిన డాక్సోరుబిసిన్ గుండెకు హాని చెయ్యగల మందు కాబట్టి గుండె సంగతి కూడా చూసుకోవాలి.

పదకొండింటికి ఫోన్. ఆస్పత్రిలో పరిచయమైన అమ్మాయి, కీమో సగంలో ఉంది.

"అక్కా, నేను రాత్రిళ్ళు తినడం మానేశాను. పాత బట్టలేవీ పట్టడం లేదు."

"ఇప్పుడొద్దమ్మా" అన్నాను, కాస్త గట్టిగానే. కీమో నడుస్తుండగా కడుపు మాడ్చుకుంటే ముందు పోయేది కండే. దెబ్బతిన్న కణాలు మళ్ళీ పుట్టడానికి ప్రోటీన్ కావాలి. ప్రతిసారీ బరువు చూసేది మందు మోతాదును ఎత్తు, బరువులను బట్టి లెక్కకట్టడానికి కూడా. అనుకోకుండా బరువు తగ్గిపోతుంటే అది సంతోషించే విషయం కాదు, డాక్టరుకు వెంటనే చెప్పాల్సిన విషయం. ఇప్పటికి ఓపిక ఉన్నంత నడువు, వేళకు తిను, బట్టల సంగతి తర్వాత చూసుకుందాం అన్నాను. కొంచెంసేపు ఏడ్చింది. జుట్టు పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదక్కా అంది. జుట్టు పోతే అందరూ అయ్యో అంటారు, ఒళ్ళొస్తే తిండి ఎక్కువైందంటారు. అదీ తేడా.

బరువు తగ్గే మాత్రలు ఆన్‌లైన్‌లో చూశానని కూడా చెప్పింది. గుండె గుభేలుమంది. ఆమెకు కీమో తర్వాత టామోక్సిఫెన్ (కణితికి ఈస్ట్రోజెన్ అందకుండా అడ్డుకునే మాత్ర) మొదలుపెడతారట. బరువు తగ్గించడానికి వాడే ఒక మందులో బుప్రోపియాన్ ఉంటుంది. టామోక్సిఫెన్‌ను శరీరం పనికొచ్చే రూపంలోకి మార్చుకోవడానికి వాడే ఎంజైమ్‌కే అది అడ్డుపడుతుంది. మూలికల పొడి అని అమ్మేదాంట్లో ఏముందో డబ్బా చూసి చెప్పలేం. డాక్టరుకు చూపించకుండా ఏదీ మింగనని మాట తీసుకున్నాకే ఫోన్ పెట్టాను. టామోక్సిఫెన్ వేసుకుంటే లావైపోతారటగా అని చివర్లో అడిగింది. ఆ పేరు దానికి ఉంది. కానీ డమ్మీ మాత్రతో పోల్చి చేసిన పెద్ద ట్రయల్స్‌లో బరువు విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ భయంతో మాత్ర మానేసేవాళ్ళు ఉన్నారు, దానికంటే ఘోరం లేదు.

చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలికి చస్తుందని ఇవాళ మళ్ళీ వాట్సాప్‌లో ఎవరో పంపారు. మనం తినకపోయినా లివర్ గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. తీపి తగ్గించడం మంచిదే, బరువు కోసం. సమాధానం రాయబోయి మానేశాను.

సాయంత్రం డంబెల్స్. ఆపరేషన్ అయిన వైపు చేత్తో సంచి కూడా మొయ్యకూడదని ఒకప్పుడు అందరూ చెప్పేవాళ్ళు, చెయ్యి వాస్తుందని. చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినవాళ్ళకు ఆ వాపు భయం నిజమైనదే. కానీ 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ట్రయల్‌లో, అప్పటికే చెయ్యి వాచిన ఆడవాళ్ళతో నెమ్మదిగా, కొద్దికొద్దిగా పెంచుకుంటూ బరువులు ఎత్తిస్తే వాపు పెరగలేదు, అది ఎక్కువైపోయే సందర్భాలు తగ్గాయి కూడా. పైగా ఒంటి బరువు ఎక్కువుండటమే ఆ వాపుకు ఒక కారణం. నేను ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకున్నాకే మొదలుపెట్టాను. చెయ్యి బరువుగా, బిగుతుగా అనిపిస్తే ఆ రోజు ఆపేస్తాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి "నేను ఎత్తలేను బాబూ అది" అన్నాడు. అబద్ధం, కానీ బాగుంది.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని. సూచనల్లో ఉండేది ఇది. రాసినంత తేలిక కాదు. కొన్ని వారాలు కుదురుతుంది, కొన్ని వారాలు సోఫా గెలుస్తుంది. చెకప్ దగ్గరపడితే ఇంకా కష్టం. ఆ టెన్షన్‌లో చెయ్యి దానంతటదే వంటింటి వైపు పోతుంది. రాత్రి వేడి ఆవిర్లకు రెండుసార్లు మెలకువ వస్తే మర్నాడంతా తిండి యావే. నిద్ర సరిపోనప్పుడు ఆకలి పెరుగుతుందని తెలిశాక నన్ను నేను తిట్టుకోవడం మాత్రం తగ్గింది. కంచంలో సగం కూరగాయలు, ప్రతి పూటా కాస్త ప్రోటీన్. నాకు నిలబడింది ఆ ఒక్క పద్ధతే. పేర్లున్న డైట్లేవీ పండగ దాటి బతకలేదు.

వచ్చే చెకప్‌లో అడగాల్సినవి రాసిపెట్టుకున్నాను. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ ఎప్పుడు చేయించాలి (లెట్రొజోల్ ఎముకలను పలచబరుస్తుంది, బరువులు ఎత్తడంలో అదీ ఒక లాభం). విటమిన్ డి మోతాదు మార్చాలా. ఆవిర్లకు హార్మోన్ లేని మందు ఏమైనా ఉందా. డంబెల్ బరువు పెంచొచ్చా. ఆ అమ్మాయి కోసం ఆస్పత్రి డైటీషియన్ ఏయే రోజుల్లో ఉంటారో కూడా కనుక్కోవాలి.