కిడ్నీలో రాయి, ఆ తర్వాత స్టెంట్: నా అనుభవం

మా కొండపి వైపు సంక్రాంతి దాటిందంటే ఊరంతా ఆకు పనే. తెల్లారకముందే చేలోకి దిగి పొగాకు రెలవడం, అంటే పక్వానికొచ్చిన ఆకులు కోయడం, ఎండెక్కే వేళకు ఆకును సెగతో ఎండబెట్టే బ్యారన్ దగ్గరికి చేరి కర్రలకు అల్లడం. అల్లే పని దాదాపు ఆడవాళ్లదే. బ్యారన్‌లో ఆకు ఈనె కూడా ఎండే చివరి దశలో వేడి 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకెళ్తారు. పొయ్యిలో రేయింబవళ్లు కట్టెలు పడుతూనే ఉంటాయి. ఆ సెగ పక్కన పనిచేస్తూ కూడా మేం నీళ్లు తాగం. దాహం లేక కాదు. తాగితే ఒంటికి పోవాలి, పోవడానికి చాటు ఉండదు.

ఒంగోలులో యూరాలజీ డాక్టర్ గారు నా స్కానింగ్ కాగితం చూడకముందే అడిగింది ఇదే. "ఏం పని చేస్తావమ్మా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఒంటికి పోతావు?" ఒకసారి, ఎప్పుడన్నా రెండుసార్లు అన్నాను. చెమట రూపంలో నీరంతా పోతే మూత్రం చిక్కబడుతుందని, అందులో కరిగి ఉండాల్సిన లవణాలు గడ్డకట్టి రాయిగా పెరుగుతాయని ఆయన చెప్పారు. ఎండలో, సెగలో పనిచేసేవాళ్లలో రాళ్లు ఎక్కువ రావడానికి కారణం అదేనట.

రాళ్ల గురించి ఎవరిని అడిగినా నొప్పి ఎట్టా ఉంటుందో చెబుతారు, లేజర్ గురించి చెబుతారు. ఆపరేషన్ అయ్యాక ఒంట్లో స్టెంట్ అనే ఒక గొట్టం పెట్టి పంపుతారని, అసలు ఓర్చుకోవాల్సింది ఆ రోజుల్లోనేనని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఇది చదివే ఆడవాళ్లకైనా ముందే తెలియాలని రాస్తున్నాను.

నొప్పి సంగతి క్లుప్తంగా చెబుతాను. కుడివైపు నడుము పైన, పక్కటెముకల కింద మొదలై పొత్తికడుపు మీదుగా గజ్జల్లోకి దిగింది. పడుకుంటే నొప్పి, కూర్చుంటే నొప్పి. ఏ భంగిమలోనూ తెరిపి లేదు. వాంతులయ్యాయి. నాకు రెండు కాన్పులు అయ్యాయి కాబట్టి చెప్పగలను, పురిటినొప్పులకు మధ్యమధ్యలో విరామం ఉంటుంది, దీనికి అదీ లేదు. ఊళ్లో ఆర్ఎంపీ ఇంజెక్షన్ చేస్తే గంటకు తగ్గింది. మా అత్తమ్మ మాత్రం, "తగ్గింది గదాని ఊరుకోబాకమ్మా, పోయి చూపించుకుని రా" అని నన్ను టంగుటూరు మీదుగా ఒంగోలు బస్సెక్కించింది. ఆమె ఆ పని చేయడం ఎంత మేలయిందో తర్వాత తెలిసింది. రాయి కిడ్నీ నుంచి మూత్రం దిగే దారికి అడ్డంపడినప్పుడు కిడ్నీ ఉబ్బి నొప్పి పుడుతుంది. కొన్నాళ్లకు ఆ నొప్పి తగ్గిపోవచ్చు, కానీ రాయి అక్కడే ఉండి కిడ్నీని లోలోపల పాడుచేస్తూ ఉండవచ్చు. నొప్పి పోయిందంటే రాయి పోయిందని కాదు.

అల్ట్రాసౌండులో కిడ్నీ వాచినట్టు కనిపించింది గానీ రాయి ఎక్కడుందో సరిగా తేలలేదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే నాళం మధ్యభాగం ఆ పరీక్షలో అంత బాగా కనపడదట. అందుకని సీటీ స్కాన్ రాశారు. దీనికి మందు ఎక్కించాల్సిన పని లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తీసేముందు నెలసరి ఎప్పుడొచ్చిందని అడుగుతారు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా సిగ్గుపడకుండా చెప్పాలి, అలాంటప్పుడు సీటీ తీయకుండా వేరే దారి చూస్తారు. కిడ్నీ ఎలా పనిచేస్తుందో తెలిపే రక్తంలోని క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో తెలుసుకునే కల్చర్ పరీక్ష కూడా చేశారు.

రాయి 8 మిల్లీమీటర్లు. నాళం పైభాగంలో ఇరుక్కుని ఉంది. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతట అవే పడిపోతాయని, అక్కణ్నుంచి సైజు పెరిగేకొద్దీ, పైన ఇరుక్కునేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుందని, సెంటీమీటరు దాటితే పడటం అరుదని డాక్టర్ గారు చెప్పారు. జ్వరం లేకపోతే, నొప్పి మాత్రలకు లొంగితే, క్రియాటినిన్ బాగుంటే కొన్ని వారాలు ఆగి చూడొచ్చు. నాళాన్ని వదులుచేసే టామ్సులోసిన్ మాత్ర ఇచ్చి ఆగుదాం అన్నారు. రాయి ఉండగా జ్వరం, చలి వణుకు వస్తే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగొద్దని రెండుసార్లు చెప్పారు. అడ్డుపడిన మూత్రంలో చీము పడితే అది రక్తంలోకి ఎక్కి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఆగిన రోజుల్లోనే ఇంటికి సలహాలు వచ్చాయి. పక్కింటి పిన్ని కొండపిండాకు దంచి రసం తెచ్చింది. ఉలవకట్టు తాగమన్నారు, అరటిదూట రసం అన్నారు, ఒకాయన బీరు పేరు కూడా ఎత్తాడు. ప్రేమతో తెచ్చినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఇరుక్కున్న 8 మిల్లీమీటర్ల రాయిని ఆకురసం కరిగిస్తుందని కూర్చుంటే ఈలోగా కిడ్నీ పరిస్థితి ఏమిటన్నదే నా ప్రశ్న. డాక్టర్ గారిని అడిగితే ఉలవచారు వద్దనలేదు, దాన్ని నమ్ముకుని స్కానింగ్ మానొద్దన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, నాకది కొత్త. నొప్పి వస్తున్నప్పుడు బిందెలకొద్దీ నీళ్లు తాగితే రాయి తోసుకుపోదట, ఉబ్బిన కిడ్నీ మీద ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుందట. అప్పుడు మామూలుగా తాగితే చాలు. ఎక్కువ తాగాల్సింది రాయి రాకముందు, పోయిన తర్వాత.

రాయి కదల్లేదు. మళ్లీ తీసిన స్కానింగ్‌లో వాపు పెరిగింది. ఆపరేషన్ అన్నారు.

మాకు బియ్యం కార్డు ఉంది. పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయినా ఆసుపత్రిలో అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు. చేరకముందే ఆ కౌంటర్ దగ్గర ఆధార్, కార్డు, స్కాన్ రిపోర్టులు చూపించి మన ఆపరేషన్ అందులో వస్తుందా, అనుమతి ఎప్పటికి వస్తుంది అని అడగండి. స్టెంట్ తీసే ఖర్చు కూడా అందులోదేనా అన్నది తప్పకుండా అడగండి. నేను అడిగాను, అందుకే రెండోసారి వెళ్లినప్పుడు గందరగోళం లేకుండా పోయింది.

ఆపరేషన్‌లో కోత లేదు, కుట్టు లేదు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నని దుర్బిణి పంపి, లేజర్‌తో రాయిని పొడిచేసి, ముక్కలు తీస్తారు. చాలా పెద్ద రాళ్లకు, అంటే కిడ్నీలోనే 2 సెంటీమీటర్లు దాటినవాటికి, వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి తీసే పద్ధతి వేరే ఉంది. నాకు వెన్నులో మత్తు ఇచ్చారు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. కాళ్లు మొద్దుబారాయి, లోపల మాటలు వినపడుతూనే ఉన్నాయి, నొప్పి లేదు. మర్నాడు మూత్రం గొట్టం తీసేసి ఇంటికి పంపారు.

ఇక స్టెంట్. దీన్ని డీజే స్టెంట్ అంటారు. మెత్తటి సన్నని ప్లాస్టిక్ గొట్టం, జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు. ఒక కొస కిడ్నీలో, రెండో కొస మూత్రాశయంలో. జారిపోకుండా రెండు కొసలూ చుట్టుకుని ఉంటాయి. లేజర్ పెట్టాక నాళం లోపల వాస్తుంది. ఆ వాపుకు దారి మూసుకుపోకుండా, మిగిలిన రవ్వలు దిగడానికి ఇది పెడతారు.

ఇంటికి వచ్చిన మొదటి రోజు నుంచే గంటలోపే మళ్లీ ఒంటికి వచ్చినట్టు ఉండేది. వచ్చిందంటే ఆగదు. పోసేటప్పుడు నడుములోకి ఒక పోటు, చివర్లో పొత్తికడుపు లాగినట్టు నొప్పి. ఒంటికి పోసినప్పుడు కొంత మూత్రం ఆ గొట్టంలోంచి పైకి కిడ్నీలోకి తన్నుతుంది, ఆ పోటు అందుకే. కాస్త ఎక్కువ నడిచినా, బిందె ఎత్తినా మూత్రం ఎర్రగా వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు నా చేతులు వణికాయి. ఫోన్ చేస్తే సిస్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. స్టెంట్ లోపల రాసుకోవడం వల్ల గులాబీ రంగు, లేత ఎరుపు రావడం మామూలే, పడుకుని నీళ్లు తాగితే తేటపడుతుంది. గడ్డలు గడ్డలుగా రక్తం పడితే, మూత్రం అసలు రాకపోతే, జ్వరం వస్తే, మాత్రలకు నొప్పి లొంగకపోతే వెంటనే రావాలి.

ఓర్చుకోవడమే మార్గం అనుకునేవాళ్లకు ఒక మాట. మూత్రాశయాన్ని నెమ్మదింపజేసే మాత్రలు ఉన్నాయి. నేను అడిగాకే రాశారు, రెండు రోజుల్లో తేడా తెలిసింది. రాత్రి నిద్ర పట్టింది. చెప్పుకోవడానికి మొహమాటపడితే ఎవరూ వాళ్లంతట వాళ్లు రాసిపెట్టరు. మందుల షాపులో మనంతట మనం నొప్పి బిళ్లలు కొనుక్కోవద్దు, వాటిల్లో కొన్ని కిడ్నీకే చేటు. నూలు బట్టలు, ఇంట్లోనే మరుగుదొడ్డి, దగ్గర్లో నీళ్లు ఉండేలా చూసుకోవాలి. బరువులు, వంగి చేసే పనులు ఆ రోజుల్లో ఇంకొకరు చేయాల్సిందే. మా ఆయన, వదిన పంచుకున్నారు. ఆకు పని ముమ్మరంలో అదేమీ చిన్న విషయం కాదు.

వార్డులో నా పక్క మంచం ఆమెకు ఏడాది దాటిన స్టెంట్ ఉంది. పెట్టాక నొప్పులు సర్దుకున్నాయి, మళ్లీ వెళ్లలేదు. దాని చుట్టూ రాయి పేరుకుని ఇప్పుడు తీయడానికే పెద్ద ఆపరేషన్ పడింది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మామూలు స్టెంట్‌ను మూడు నెలలు దాటనివ్వొద్దని మా డాక్టర్ గారు చెప్పారు, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లోనే తీసేస్తారు. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాయించుకోండి. లోపల స్టెంట్ ఉన్న సంగతి ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి.

తీయడానికి మళ్లీ మత్తు అక్కర్లేకపోయింది. మొద్దుబార్చే జెల్లీ రాసి, చిన్న దుర్బిణితో పట్టి లాగేశారు. రెండు నిమిషాలు పట్టిందేమో. ఆడవాళ్లకు మూత్రమార్గం పొట్టిది కాబట్టి మగవాళ్ల కంటే మనకు ఇది తేలిక. ఆ సాయంత్రం కాసేపు పాత నొప్పే వచ్చినట్టనిపించింది, అలా కొందరికి వస్తుందని ముందే చెప్పారు. ఒకటి రెండు రోజులు మంట, అంతే.

ముక్కల్ని పరీక్షకు పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. ఎక్కువమందిలో ఉండే రకం ఇదే. కాల్షియం అన్నారని పాలు, పెరుగు మానేస్తే పొరపాటు. తిండిలోని కాల్షియం, పాలకూర లాంటి వాటిల్లో ఉండే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టుకుని బయటికి పంపేస్తుంది, కాబట్టి అన్నంలో పెరుగు ఉండాల్సిందే. తగ్గించాల్సింది ఉప్పు. అంటే మా ఇళ్లలో ఊరగాయ, ఎండుచేపలు. పాలకూర బాగా తగ్గించమన్నారు, గోంగూర ఎప్పుడన్నా కొద్దిగా. మాంసం మితంగా. టమాటా మీద అందరూ నింద వేస్తారు గానీ అందులో ఆక్సలేట్ తక్కువే. నిమ్మకాయ నీళ్లు మంచివి, అందులోని సిట్రేట్ అనే పదార్థం రాయి కట్టకుండా చూస్తుంది, అయితే ఉప్పు వేసుకోకుండా తాగాలి. మా ఊరి ఉప్పునీళ్ల బోర్ల వల్లే రాళ్లు అంటారు కదా అని అడిగాను. ఏ నీళ్లన్నదాని కంటే ఎన్ని నీళ్లన్నదే ముఖ్యమన్నారు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. నీడలో ఉండేవాళ్లకు మూడు లీటర్లు తాగితే సరిపోవచ్చు, బ్యారన్ దగ్గర పనిచేసేవాళ్లకు అది చాలదు. మూత్రం రంగు లేత పసుపు దాటి ముదిరిందంటే నీళ్లు తక్కువైనట్టే.

తాగమని చెప్పడం తేలిక, చాటు లేనిచోట ఎవరు తాగుతారు? ఈ ఏడు మా బ్యారన్ వెనక తడికలు కట్టించి, పైన టార్పాలిన్ పట్టా వేయించి, నీళ్ల డ్రమ్ము పెట్టించాను. కూలికి వచ్చేవాళ్లకూ అదే. ఖర్చు పెద్దగా ఏం కాలేదు. రైతులారా, మీ బ్యారన్ల దగ్గర కూడా ఇది చేయండి, అల్లడానికి వచ్చే ఆడవాళ్లు అడగలేరు.

ఒకసారి రాయి వచ్చినవాళ్లలో సగం మందికి దాకా ఐదు, పదేళ్లలో మళ్లీ వస్తుందట. నా ఎడమ కిడ్నీలో ఇప్పటికే ఒక 3 మిల్లీమీటర్ల రాయి ఉంది. కదలకుండా ఉంది కాబట్టి ఇప్పుడు ఏమీ చేయక్కర్లేదు, ఏడాదికోసారి స్కానింగ్‌లో చూస్తామన్నారు. వచ్చేది నాట్లు అయ్యాక, ఆకు రెలుపులు మొదలుకాకముందు చేయించుకుంటాను.