పొట్ట పెరిగింది గానీ దూడ పెరగలేదు: స్టార్టర్ దాణాతో నా అనుభవం

మా పెయ్య దూడ ఛాతీ చుట్టూ మొదటిసారి టేపు చుట్టిన రోజుకు దానికి సరిగ్గా మూడు నెలలు నిండాయి. చుట్టుకొలత 33 అంగుళాలు, భుజం మొన నుంచి తుంటి ఎముక దాకా పొడవు 31న్నర అంగుళాలు వచ్చాయి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దానిని మళ్లీ పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుందని పశువైద్యులు నేర్పిన లెక్క ప్రకారం అది 52 కిలోలు తూగింది. పుట్టిన రోజున కాటా మీద అది 30 కిలోలు ఉంది. అంటే తొంభై రోజులలో పెరిగింది 22 కిలోలు మాత్రమే, రోజుకు పావు కిలో కూడా లేదు. సంకరజాతి దూడ రోజుకు అర కిలో చొప్పున పెరగాలని అప్పటికే విని ఉన్నందువల్ల, ఆ అంకెను నోటు పుస్తకంలో రాసుకుంటున్నప్పుడు నాకు నిజంగా దుఃఖం కలిగింది, ఎందుకంటే ఆ దూడకు మేము ఏనాడూ కడుపు మాడ్చలేదు.

మాది హిందూపురం దగ్గరి పల్లె. పదేళ్ల క్రితం బెంగళూరు వచ్చి, యలహంక దాటిన తరువాత రాజానుకుంటె దగ్గర స్థలం కౌలుకు తీసుకుని ఆవులను పెట్టుకున్నాము. ఇప్పుడు పద్నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు ఉన్నాయి, పాలు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు పోస్తాము. పాడి సంగతి మాకు తెలుసుననే నమ్మకం ఉండేది గానీ, ఆ తెలివి అంతా పాలిచ్చే ఆవు చుట్టూ తిరిగేదే తప్ప దూడ దాకా వచ్చేది కాదు. ఈనిన గంటలోపు ముర్రుపాలు తాగించేవాళ్లము, ఆ తరువాత పూటకు లీటరున్నర పాలు, రెండో వారం నుంచి పచ్చగడ్డి కట్ట, నెల దాటాక ఆవులకు పెట్టే దాణాలోనే రెండు గుప్పెళ్లు పెట్టేవాళ్లము. దాణా దుకాణం ఆయన కూడా దూడలకు ఇదే చాలునని, అందులో మాంసకృత్తులు 20 శాతం ఉన్నాయని బస్తా మీది అచ్చు చూపించి చెప్పాడు, మేము నమ్మాము.

ఆ విడతలోనే పుట్టిన రెండో దూడ ఏడో వారంలో ఊపిరితిత్తుల వాపుతో చనిపోయింది. మా దగ్గరికి వచ్చే డాక్టరు గారు ఉద్యోగ విరమణ చేసి యలహంకలో స్థిరపడిన కడప జిల్లా మనిషి, మాతో తెలుగులోనే మాట్లాడతారు. కారణం తెలుసుకోవడానికి కోసి చూద్దామా అని ఆయన అడిగితే, మా వారు ఒప్పుకున్నారు. పొలం గట్టున డాక్టరు గారు ఆ దూడకున్న నాలుగు పొట్టలలో మొదటిదైన పెద్ద పొట్టను చీల్చి, లోపలున్న గడ్డిని తీసివేసి, గోడను నీళ్లతో కడిగి, నా చేతికి తాకించారు. అది తడిసిన పాత పంచెలాగా పలచగా, పాలిపోయి, నున్నగా ఉంది. బాగా పెరిగిన దూడకు ఇదే చోట ముదురు గోధుమ రంగులో, తువ్వాలు మీది నూగులాగా దట్టంగా పొడుచుకు వచ్చిన మొలకలు ఉంటాయని, మేతలోని సారాన్ని పీల్చుకునేది ఆ నూగేనని ఆయన చెప్పారు. ఆ నూగు లేనప్పుడు దూడ ఎంత తిన్నా ఒంటికి పట్టదు. బతికి ఉన్న దూడను చూపించి, “పొట్ట పెరిగింది గానీ దూడ పెరగలేదమ్మా,” అన్నారు. అప్పటిదాకా ఆ బాన పొట్టను చూసి, కడుపు నిండా తింటోందని నేను సంతోషపడుతూ వచ్చాను.

ఆ సాయంత్రం ఆయన చెప్పిన విషయం నా ఆలోచనను పూర్తిగా మార్చింది. పుట్టిన దూడకు పెద్ద పొట్ట ఉన్నా అది పని చేయదు. దూడ పాలు తాగేటప్పుడు అన్నవాహిక చివర ఒక కాలువ ముడుచుకుని, పాలను పెద్ద పొట్టలో పడనీయకుండా నేరుగా నాలుగో పొట్టకు పంపుతుంది. అందువల్ల ఎన్ని పాలు పోసినా పెద్ద పొట్ట గోడ మీద నూగు మొలవదు. గింజలలోని పిండి పదార్థం అక్కడ పడి, సూక్ష్మజీవుల చేత పులిసినప్పుడు బ్యుటిరిక్ ఆమ్లం, ప్రొపియోనిక్ ఆమ్లం పుడతాయి, నూగును మొలిపించేవి ప్రధానంగా ఈ రెండే. గడ్డి పులిస్తే ఎక్కువగా వచ్చేది ఎసిటిక్ ఆమ్లం. అది నూగుకు అంతగా తోడ్పడదు. గడ్డి వల్ల పొట్ట సంచి సాగుతుంది, కండ బలపడుతుంది, అంతవరకే. మేము పాలూ గడ్డీ రెండూ ఇచ్చి, ఈ రెండింటి మధ్య ఉండవలసిన గింజను ఇవ్వలేదు.

అయితే దాణా కూడా పెట్టాము కదా, దానిలో మాంసకృత్తులు 20 శాతం ఉన్నాయి కదా అన్న ప్రశ్న మిగిలింది. ఆ దాణాను కిలో మూటగట్టుకుని పరీక్షకు ఇచ్చాను. అంకె అబద్ధం కాదు, 20కి దగ్గరగానే వచ్చింది. కానీ ప్రయోగశాలలో కొలిచేది నత్రజని, దానిని 6.25తో హెచ్చించి మాంసకృత్తులుగా చూపిస్తారు. యూరియాలోనూ నత్రజనే ఉంది కనుక, దాణాలో యూరియా ఒక్క శాతం కలిస్తే చాలు, లెక్కలో మాంసకృత్తులు దాదాపు మూడు శాతం పెరిగినట్లు కనిపిస్తాయి. పెద్ద ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ యూరియాను నిజమైన మాంసకృత్తులుగా మార్చుకోగలవు. పొట్టే సిద్ధం కాని దూడకు అది సాధ్యం కాదు. పైగా ఆ దాణాలో పత్తి గింజల చెక్క ఉంది. అందులోని గాసిపాల్ అనే విషపదార్థాన్ని పెద్ద పశువు పొట్ట చాలావరకు విరిచేస్తుంది, పసి దూడ విరవలేదు. పీచు కూడా 12 శాతం దాటింది. ఆ దాణా ఆవులకు మంచిదే. దూడకు అదే సరిపోతుందని చెప్పడమే తప్పు, ఆ మాట విని మేము విచారించకపోవడం మా తప్పు.

తరువాత స్టార్టర్‌ను, అంటే పాలు తాగే దూడకు మొదటగా అలవాటు చేసే గింజల దాణాను, మేమే కలుపుకోవాలని నిశ్చయించుకున్నాము. నూరు కిలోలకు మొక్కజొన్న 50, సోయా చెక్క 25, గోధుమ పొట్టు 10, వేరుశెనగ చెక్క 8, బెల్లపు మడ్డి 4, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో, పైన కొలత ప్రకారం ఎ, డి విటమిన్ల పొడి. మొక్కజొన్నలో మాంసకృత్తులు 9 శాతమే అయినా పిండి పదార్థం దండిగా ఉంటుంది, నూగుకు కావలసింది అదే. సోయా చెక్కలో మాంసకృత్తులు 45 శాతం దాకా ఉంటాయి. అన్నీ కలిపి లెక్క వేస్తే మిశ్రమానికి 20 శాతం పైన వస్తుంది, పీచు 5 శాతం లోపే ఉంటుంది. మా ఊరి వైపు వేరుశెనగ చెక్క చవకగా దొరుకుతుంది, అదే ఎక్కువ వేద్దామని నేను అడిగాను. దానిలో లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులలోని భాగాలు) తక్కువ అని, దూడ కండ పట్టడానికి శాతం ఒక్కటే కాక ఏ మాంసకృత్తులన్నది కూడా ముఖ్యమని డాక్టరు గారు సోయానే ముందు పెట్టించారు. నూనె తీయని పచ్చి సోయా గింజలు వాడవద్దని గట్టిగా చెప్పారు, వాటిలో జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, వేడి తగిలితే గానీ అది పోదు.

ఇంత జాగ్రత్తగా కలిపిన మొదటి బస్తాను దూడలు ముట్టలేదు. పసివాటికి మెత్తగా ఉంటే మంచిదనుకుని, మొక్కజొన్నను మరలో రాగిపిండి మాదిరిగా ఆడించాను. దూడ మూతి పెట్టగానే పిండి ముక్కులకు ఎగిసేది, అది తుమ్మి వెనక్కి జరిగేది. చొంగ తగిలిన చోట బెల్లపు మడ్డితో కలిసి అట్టలు కట్టేది, మధ్యాహ్నానికల్లా పులిసిన వాసన వచ్చేది. ఒక దూడకు ఎడమ డొక్క ఉబ్బి రాత్రంతా నిలబెట్టి తిప్పవలసి వచ్చింది. పిండి మరీ మెత్తనిదైతే పొట్టలో ఒక్కసారిగా పులిసి ఆమ్లం పెరుగుతుందని, మొలిచిన నూగు కూడా పిండి పట్టి అతుక్కుపోయి గట్టిపడుతుందని అప్పుడు తెలిసింది. మరుసటి వారం మర దగ్గర నిలబడి, గింజ మూడు నాలుగు ముక్కలు మాత్రమే అయ్యేటట్లు పళ్లను ఎడం చేయించాను, పొడిని జల్లెడ పట్టి ఆవుల దాణాలో వేశాను. పళ్ల కింద కరకరలాడే ఆ నూకను దూడలు మూడో రోజు నుంచే వెతుక్కుని తినసాగాయి. కూర్పు అంటే ఏమేమి ఎంతెంత వేయాలన్నదే అనుకునేదానిని, ముక్క ఎంత ఉండాలన్నదీ కూర్పులో భాగమేనని ఆ వారం నాకు నేర్పింది.

గడ్డి విషయంలో ఇంట్లో కొంత మథనం జరిగింది. “పచ్చగడ్డి వాసన చూపించకుండా దూడను పెంచుతారా అమ్మాయీ,” అని మా అత్తమ్మ బాధపడ్డారు, ఆమె ఇరవై ఏళ్లు ఆవులను సాకిన మనిషి. ఆమె మాటలో నిజం లేకపోలేదు. గడ్డి బొత్తిగా లేకపోయినా పొట్టలో ఆమ్లం పెరుగుతుంది, నెమరు ఆలస్యమవుతుంది. చివరికి మెత్తని ఎండుగడ్డిని అంగుళం ముక్కలుగా తరిగి, స్టార్టర్ బరువులో 5 శాతానికి మించకుండా ఇచ్చాము. తరిగే పని అత్తమ్మే తీసుకున్నారు. పచ్చగడ్డి కట్టలు మాత్రం పాలు మాన్పించిన తరువాతే మొదలుపెట్టాము.

నీళ్ల సంగతి అన్నిటికంటే తేలికైనది, మేము అన్నిటికంటే ఎక్కువగా విస్మరించినదీ అదే. పాలు తాగే దూడకు వేరే నీళ్లెందుకు అనుకునేవాళ్లము. పాలు నాలుగో పొట్టకు పోతాయి గనుక పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు తడి అందేది విడిగా తాగే నీళ్ల వల్లనే. నీళ్ల బకెట్ లేని దూడలు స్టార్టర్‌ను మూడో వంతు దాకా తక్కువ తింటాయని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. నీళ్ల బకెట్‌ను స్టార్టర్ పళ్లానికి దూరంగా పెట్టాలి, లేకపోతే దూడ తడిమూతితోనే దాణాలోకి వెళ్లి దానిని పాడుచేస్తుంది.

కొత్త విడతలో జనవరి, ఫిబ్రవరి నెలలలో మూడు పెయ్యలు పుట్టాయి. పాలు రోజుకు నాలుగున్నర లీటర్లకు పెంచాము. నాలుగో రోజు నుంచి పాలు తాగిన వెంటనే, చీకుడు తీరకుండా ఉన్న ఆ నాలుకకు గుప్పెడు స్టార్టర్ అందించేదానిని. మొదటి రెండు వారాలు అవి తిన్నది లెక్కకు రాదు. పాత దాణాను ప్రతి ఉదయం తీసివేసి, కొత్తది గుప్పెడే వేయడం ముఖ్యం. నాలుగో వారానికి రోజుకు 300 గ్రాములు, ఆరో వారానికి 700 గ్రాములు తిన్నాయి. ఏడో వారం నుంచి పాలు తగ్గిస్తూ వచ్చి, వరుసగా మూడు రోజులు ఒక్కొక్కటి 1.2 కిలోలు తిన్న తరువాతే పూర్తిగా మాన్పించాము. పెద్దదానికి అది 60వ రోజు, చిన్నదానికి 67వ రోజు. వయసు చూసి మాన్పించవద్దు, తిండి చూసి మాన్పించు అని డాక్టరు గారు చెప్పిన మాటను నేను తు.చ. తప్పకుండా పాటించాను.

31 కిలోలతో పుట్టిన పెద్ద పెయ్య 60వ రోజున 62 కిలోలు, 90వ రోజున 83 కిలోలు వచ్చింది. మిగిలిన రెండూ 90వ రోజున 76, 80 కిలోల దగ్గర ఉన్నాయి. స్టార్టర్ కిలోకు సుమారు 33 రూపాయలు పడింది. పాలు మాన్పించే దాకా ఒక్కొక్క దూడ తిన్నది ముప్పై కిలోల లోపే, అంటే వెయ్యి రూపాయలు దాటలేదు. అదే డబ్బుకు అపార్ట్‌మెంట్లకు పోసే పాలు పాతిక లీటర్లు కూడా రావు. సంకరజాతి పెయ్యను వయసును బట్టి కాక 250 కిలోల బరువును బట్టి చూడి కట్టిస్తారు కనుక, ఈ రెండు నెలలలో పోగొట్టుకున్న కిలోలు తరువాత నెలల తరబడి ఊరికే మేపే ఖర్చుగా తిరిగి వస్తాయి. మొదటి విడతలో 52 కిలోలు తూగిన పెయ్య విషయంలో ఆ ఖర్చును ఇప్పటికీ భరిస్తున్నాము. దాని బాన పొట్ట తగ్గింది, వెంట్రుకలకు నునుపు వచ్చింది, కానీ దాని తరువాత పది నెలలకు పుట్టినవి ఎత్తులో దానిని అందుకోబోతున్నాయి.

వానలు పడ్డాక మరొక మార్పు చేశాము. సెప్టెంబరులో వచ్చిన వేరుశెనగ చెక్క బస్తాను విప్పగానే ముక్కవాసన కొట్టింది, విరిచి చూస్తే లోపల ఆకుపచ్చని బూజు కనిపించింది. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పుట్టేది ఇటువంటి చెక్కలోనే, పసి దూడ కాలేయం దానిని తట్టుకోలేదు. ఆ బస్తాను ఆవులకు కూడా వేయలేదు, పాలలోకి దిగుతుందని గొయ్యి తీసి పూడ్చాము. వానకాలమంతా వేరుశెనగ చెక్కను మాని సోయాను 31కి, మొక్కజొన్నను 52కి పెంచి కలుపుతున్నాము, నెలకు సరిపడా కాక పది రోజులకు సరిపడా మాత్రమే.

నిన్న ఆదివారం ఒక పెయ్య పుట్టింది, కాటా మీద 29 కిలోలు. ఈ రోజు పొద్దున అత్తమ్మ దానికి నీళ్ల బకెట్‌ను పళ్లానికి ఎడంగా, అవతలి మూలకు తానే జరిపి పెట్టారు.